హెగ్గోడు అద్భుతం కాదు

కర్ణాటకలో శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలో ఉన్న మలెనాడు కొండసీమ పల్లె హెగ్గోడు. జోగ్ జలపాతం ఉన్నదీ ఈ తాలూకాలోనే. చుట్టూ వక్కతోటలు, ఏడాదిలో నాలుగు నెలలు ఎడతెరిపి లేని వాన. ఈ ఊళ్లో 1949లో కొందరు కుర్రవాళ్లు, పెద్దలు కలిసి శ్రీ నీలకంఠేశ్వర నాట్య సేవా సంఘం పెట్టుకున్నారు. పేరు పొడుగైపోవడంతో మొదటి అక్షరాలు కలిపి నీనాసం అన్నారు. ఊరి నాటక సమాజంగా మొదలైన ఆ సంఘం చుట్టూ 1950ల చివరికి ఒక ప్రచురణ సంస్థ, 1970ల మొదట్లో ఒక రంగశాల, 1973లో ఒక ఫిల్మ్ సొసైటీ, 1980లో ఒక నాటక పాఠశాల, 1985లో రాష్ట్రమంతా తిరిగే వృత్తి నాటక బృందం వచ్చాయి. సంఘాన్ని మొదటి నుంచీ నడిపినవారిలో ముఖ్యుడైన కె.వి. సుబ్బణ్ణకు 1991లో రామన్ మెగసెసే పురస్కారం ఇచ్చారు.

నీనాసం పేరు తెలిసిన ప్రతిచోటా దాని గురించి ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. పల్లెకు గంభీరమైన సాహిత్యంతో, ఆధునిక నాటకంతో పని లేదు. పల్లెకు దాని జానపదం చాలు. హెగ్గోడు ఒక మినహాయింపు, ఒక అద్భుతం. ఆ అద్భుతానికి కారణం ఒక మహానుభావుడని కొందరు, విదేశీ గ్రాంట్లని కొందరు, వక్కతోటల డబ్బని మరికొందరు చెబుతారు. మెచ్చుకునేవాళ్లూ వెక్కిరించేవాళ్లూ ఈ ఒక్క విషయంలో ఏకమవుతారు. అద్భుతం అనగానే ఎలా జరిగిందని అడిగే అవసరం తీరిపోతుంది. తమ ఊళ్లో ఎందుకు జరగలేదని అడిగే అవసరం అంతకంటే ముందే తీరిపోతుంది. ఈ అభిప్రాయం ఇంతకాలం నిలవడానికి అసలు కారణం బహుశా ఆ రెండో సౌకర్యమే.

మహానుభావుడి కథతో మొదలుపెడితే, తేదీలే దానికి అడ్డం పడతాయి. సుబ్బణ్ణ పుట్టింది 1932లో. సంఘం పెట్టేనాటికి ఆయన వయసు 17. ఆ వయసు కుర్రవాడు ఒక్కడే ఊరిని కదిలించి సంస్థ కట్టాడనడం భక్తికి సరిపోతుంది, చరిత్రకు సరిపోదు. ఆనాడు ఆ ఊళ్లో ఉన్నది నాటకాలాడే సరదా, యక్షగానం చూసిన కళ్లు, కంపెనీ నాటకాల జ్ఞాపకం. అప్పటి కన్నడ, తెలుగు పల్లెల్లో వందల చోట్ల ఇవి ఉన్నాయి. పండక్కి ఒక నాటకం వేసి, ఖర్చుల లెక్క చూసుకుని, ఏడాదిపాటు నిద్రపోయే సమాజాలకు ఏ జిల్లాలోనూ కొరత లేదు. హెగ్గోడు ప్రారంభంలో విశేషమేమీ లేదు. విశేషం ఆ తర్వాతి వరుసలో ఉంది.

సుబ్బణ్ణ మైసూరు మహారాజా కళాశాలలో కన్నడ కవి కువెంపు దగ్గర చదువుకుని ఊరికి తిరిగి వచ్చాడు. చదువుకున్నవాడు తిరిగి రావడం అరుదైన సంగతే, ఆయన ప్రతిభను తక్కువ చేయనక్కర్లేదు కూడా. నాటకాలు అనువదించాడు, ప్రపంచ సినిమా గురించి కన్నడంలో పరిచయ పుస్తకాలు రాశాడు; ‘కవిరాజమార్గ మత్తు కన్నడ జగత్తు’ అన్న పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందాడు. అయితే నీనాసం చరిత్రలో కనిపించే పేర్లు ఒకటి రెండు కావు. నాటక పాఠశాలను ఏళ్ల తరబడి నడిపింది చిదంబరరావు జంబె. నాటకరంగంలో వెన్నుదన్నుగా నిలిచినవారిలో దర్శకుడు బి.వి. కారంత్ ఒకడు. సినిమా పాఠాలు చెప్పడానికి పుణె నుంచి సతీశ్ బహదూర్ వచ్చేవాడు. నేషనల్ ఫిల్మ్ ఆర్కైవ్ నుంచి సినిమాలు పంపించిన పి.కె. నాయర్ ఊరికి చుట్టంలాంటి వాడయ్యాడు. ఏటా జరిగే సంస్కృతి శిబిరంలో నవలాకారుడు యు.ఆర్. అనంతమూర్తి దాదాపు స్థిరంగా ఉండేవాడు. 2005లో సుబ్బణ్ణ చనిపోయాడు. మహానుభావుడి సిద్ధాంతం ప్రకారం కథ అక్కడ ముగియాలి. పాఠశాల, నాటక యాత్ర, ప్రచురణ మూడూ ఆ తర్వాత కూడా సాగాయి. బాధ్యత ఆయన కుమారుడు కె.వి. అక్షర మీద పడింది. వారసత్వం మీద విమర్శ చేయదలచినవాళ్లు చేయవచ్చు. కానీ వ్యక్తి పోయాక సంస్థ మిగిలిందంటే, ఆ వ్యక్తి బతికుండగానే తాను లేకపోయినా నడిచే ఏర్పాట్లు చేశాడని అర్థం. ఆ ఏర్పాట్లు ఏమిటన్నదే చూడవలసిన విషయం.

మొదటి ఏర్పాటు ప్రచురణ. నాటకం ఆడే సమాజానికి నాటకాలు కావాలి. కొత్త నాటకాలు, అనువాదాలు, వాటి గురించిన ఆలోచన పుస్తకాలుగా రావాలి. 1950ల చివర్లో హెగ్గోడు నుంచి అక్షర ప్రకాశన మొదలైంది. ఇది ఊరి కవుల పద్యాలు అచ్చువేసి ఆవిష్కరణ సభ పెట్టే బాపతు ప్రచురణ కాదు. కన్నడ నవ్య సాహిత్యంలో ముఖ్యులైన అనంతమూర్తి వంటి వారి పుస్తకాలు ఈ పల్లె చిరునామాతో వచ్చాయి. విమర్శకుడు డి.ఆర్. నాగరాజ్ సంపాదకత్వంలో వెలువడిన ‘అక్షర చింతన’ మాలిక సమకాలీన ప్రపంచ ఆలోచనను కన్నడంలోకి తెచ్చింది. బెంగళూరులో ఉండే పాఠకుడు, విమర్శకుడు, కళాశాల అధ్యాపకుడు హెగ్గోడు ముద్ర ఉన్న పుస్తకం కొనుక్కోవలసి వచ్చింది. సాహిత్యం నగరంలో తయారై పల్లెకు దిగుతుందన్న నమ్మకానికి ఇంతకంటే నేరుగా జవాబు దొరకదు. పైగా పుస్తకం అమ్ముడుపోయే వస్తువు. నాటక ప్రదర్శన ఖర్చు పెట్టించి మాయమవుతుంది. పుస్తకం నెమ్మదిగానైనా పెట్టుబడిని వెనక్కి తెస్తుంది. ఊరి కళాకేంద్రానికి ప్రచురణ అలంకారం కాదనీ, దాన్ని నిలబెట్టే కాళ్లలో ఒకటనీ పొగిడేవాళ్లు సాధారణంగా గమనించరు.

‘పల్లెకు ఎక్కదు’ అన్న వాదానికి అసలు పరీక్ష సినిమా దగ్గర జరిగింది. 1973లో నీనాసం చిత్రసమాజ మొదలైనప్పుడు ఫిల్మ్ సొసైటీ అంటే కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో ఇంగ్లీషు చదువుకున్న కొద్దిమంది వ్యవహారం. హెగ్గోడులో చూపింది సత్యజిత్ రాయ్, కురొసావా, డి సికా, బెర్గ్‌మన్. చూసినవాళ్లు వక్కతోటల రైతులు, కూలీలు, బడి పంతుళ్లు, ఇళ్లలో పని ముగించుకుని వచ్చిన ఆడవాళ్లు. అర్థం కాదని అనుకున్నవాళ్లు ఒక చిన్న విషయం మరిచారు: ఆ సినిమాల భాష నగర ప్రేక్షకుడికీ రాదు. జపనీస్ సినిమా ముందు బెంగళూరు ప్రొఫెసరూ హెగ్గోడు రైతూ ఒకే మెట్టు మీద నిలబడతారు. ప్రొఫెసరుకు అదనంగా ఉన్నది ఇంగ్లీషు సబ్‌టైటిల్ చదివే శక్తి మాత్రమే. ఆ లోటును నీనాసం కన్నడంలో ముందే కథ చెప్పి, పరిచయం చేసి, చూశాక చర్చ పెట్టి పూడ్చింది. 1979 నుంచి సినిమా ఎలా చూడాలో నేర్పే శిబిరాలు కూడా అక్కడే జరిగాయి.

పి.కె. నాయర్ మీద 2012లో వచ్చిన ‘సెల్యులాయిడ్ మ్యాన్’ డాక్యుమెంటరీలో హెగ్గోడు మనుషులు కనిపిస్తారు. దశాబ్దాల కిందట చూసిన సినిమాల గురించి వాళ్లు ఏ సంకోచమూ లేకుండా మాట్లాడతారు. ఆ మాటల్లో పల్లెటూరి అమాయకత్వం వెతికి మురిసిపోయే ప్రేక్షకులు నగరాల్లో ఉంటారు. వాళ్లు గమనించవలసింది వేరు. ఒక ప్రేక్షక సమూహం పుట్టుకతో రాదు; పదేపదే చూడటం వల్ల, చూసినదాని గురించి మాట్లాడుకునే చోటు ఉండటం వల్ల తయారవుతుంది. హెగ్గోడు ఆ చోటు ఇచ్చింది. ఇవ్వని ఊళ్లలో జనానికి రుచి లేదని తీర్పు చెప్పడం వంట చేయకుండానే ఆకలి లేదని తేల్చినట్టు ఉంటుంది.

గ్రాంట్ల వాదం వినడానికి లెక్కల మీద ఆధారపడినట్టు ఉంటుంది. లెక్క చూస్తే నిలబడదు. ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో జనస్పందన అన్న కార్యక్రమం నడిచింది 1983 నుంచి 1985 వరకు. సంఘం పుట్టి అప్పటికి 34 ఏళ్లు. ప్రచురణకు పాతికేళ్లు నిండాయి, రంగశాల కట్టి పదేళ్లు దాటింది, ఫిల్మ్ సొసైటీకి పదేళ్లు, నాటక పాఠశాలకు మూడేళ్లు. గ్రాంటు వల్ల సంస్థ పుట్టలేదు. సంస్థ ఉంది కాబట్టి గ్రాంటు ఇవ్వడానికి ఒక చిరునామా దొరికింది. మెగసెసే పురస్కారం మరో ఆరేళ్ల తర్వాతి మాట. నాటక పాఠశాలకు ప్రభుత్వ సాయం అందింది, అందవలసిందే. నాటక శిక్షణ విద్యార్థుల ఫీజుల మీదే బతకడం కష్టం. కానీ సాయం వచ్చినప్పుడు దాన్ని దేనికి వాడాలో తెలిసిన సంస్థ ముందే ఉండటం వేరు, సాయాన్ని ఖర్చు పెట్టడానికే సంస్థను పుట్టించడం వేరు. రెండో రకానికి తెలుగు రాష్ట్రాల్లో ఉదాహరణలు వెతకనక్కర్లేదు. చాలా పట్టణాల్లో భవనం ముందు లేచింది, ప్రారంభోత్సవ శిలాఫలకం దాని తర్వాత వచ్చింది, అందులో ఏం చేయాలన్న ఆలోచన ఇంకా రాలేదు. ఈలోగా పెళ్లిళ్లకు అద్దెకిస్తున్నారు.

జనస్పందన కాలంలో జరిగిన పని కూడా చెప్పుకోదగినది. ఉత్తర కన్నడ జిల్లా అడవుల్లో ఉండే ఆఫ్రికా మూలాల సిద్ది సముదాయంతో నీనాసం నాటక శిబిరాలు పెట్టింది. చినువా అచెబె నవల ఆధారంగా చేసిన నాటకాన్ని సిద్దులే నటించి ఆడారు. నైజీరియా నవల కన్నడంలోకి వచ్చి, కూలి పని చేసుకునే సిద్దుల ఒంటి మీద నాటకమైంది. పల్లెకు జానపదం చాలు అనేవారు ఈ ఒక్క ఉదంతాన్ని తమ సూత్రంలో ఎక్కడ ఇరికిస్తారో చెప్పాలి. అక్కడ మాట్లాడింది సిద్దుల పాత కళారూపం కాదు, సిద్దుల వర్తమానం.

వక్కతోటల వాదం వీటన్నిటికంటే బరువైనది, తేలిగ్గా తోసేయకూడనిది. నీనాసం తొలి తరం ప్రధానంగా హవ్యక బ్రాహ్మణ కుటుంబాల నుంచి వచ్చింది. భూమి, అక్షరాస్యత, పంటల మధ్య దొరికే తీరిక వాళ్లకు ఉన్నాయి. వక్క రొక్కం తెచ్చే పంట. ఈ అనుకూలతలు లేని ఊళ్లో నాటకం ఆడేవాడు మర్నాడు పొద్దున కూలికి పోవాలి. ఇదంతా నిజం. నాయకత్వం చాలాకాలం ఒక కుటుంబం, ఒక కులం చుట్టూ తిరిగిందన్న విమర్శ కూడా నిలబడే విమర్శే.

అయితే డబ్బు, తీరిక, పై కులం కలిస్తే కళాకేంద్రం పుడుతుందనడం వేరే వాదం, అది నిలబడదు. వక్క పండే నేల శివమొగ్గ, ఉత్తర కన్నడ, దక్షిణ కన్నడ జిల్లాల పొడవునా ఉంది. హవ్యక కుటుంబాలు ఆ ప్రాంతంలో వందల ఊళ్లలో ఉన్నాయి. హెగ్గోడు ఒక్కటే. తెలుగు నేల మీదికే వచ్చి చూస్తే విషయం మరీ స్పష్టం. కృష్ణా, గోదావరి డెల్టాలలో ఒకటిన్నర శతాబ్దంగా కాలువ నీరు పారుతోంది. వరి, చెరకు, కొబ్బరి, పొగాకు, తర్వాత చేపల చెరువులు. ఆ రొక్కం ముందు మలెనాడు వక్క పెద్ద లెక్క కాదు. డెల్టా డబ్బు సినిమా పరిశ్రమకు పెట్టుబడి అయింది, కార్పొరేట్ కాలేజీలు కట్టింది, పిల్లల్ని అమెరికా పంపింది. ఊళ్లో ఒక నాటక పాఠశాల పెట్టలేదు. మిగులు ఉండటం ఒక షరతు మాత్రమే. దాన్ని దేనికి పెట్టాలన్న నిర్ణయం పంట చేయదు, మనుషులు చేస్తారు.

ఆ నిర్ణయం వెనక ఉన్న గాలి గురించి వక్కతోటల సిద్ధాంతం ఏమీ చెప్పదు. 1951లో సాగర తాలూకాలోనే, హెగ్గోడుకు దగ్గర్లోని కాగోడులో కౌలు రైతులు భూస్వాముల మీద తిరగబడ్డారు. కౌలు ధాన్యం కొలిచే కొలత దగ్గర మొదలైన ఆ పోరాటంలో ముందు నిలిచింది దీవరు కులానికి చెందిన కౌలుదారులు, హెచ్. గణపతియప్ప వాళ్లను సంఘటితం చేశాడు. సోషలిస్టు నాయకుడు రామ్‌మనోహర్ లోహియా వచ్చి అరెస్టయ్యాడు. కర్ణాటక సోషలిస్టు రాజకీయాలకు, శాంతవేరి గోపాలగౌడ వంటి నాయకులకు కాగోడు సత్యాగ్రహం పుట్టుచోటు లాంటిది. అనంతమూర్తి తరం రచయితల మీద లోహియా ప్రభావం ఎంత ఉందో కన్నడ సాహిత్య చరిత్ర చదివినవారికి తెలుసు. సుబ్బణ్ణ ఆ గాలి పీల్చినవాడే. భూమి ఎవరిది, భాష ఎవరిది, సంస్కృతి ఎవరిది అన్న ప్రశ్నలు ఒకే తాలూకాలో ఒకే కాలంలో రగులుతున్నప్పుడు, భూమి ఉన్న ఇళ్ల నుంచి వచ్చిన కొందరు నాటకశాల తలుపులు ఊరంతటికీ తెరవాలనుకున్నారు. ఎంతవరకు తెరిచారన్నది చర్చించవలసిందే. కానీ ఆ ప్రశ్నల ఒత్తిడిని పక్కనపెట్టి వక్క ధరలతో నీనాసాన్ని వివరించబోతే సగం కథ జారిపోతుంది.

అన్ని ఏర్పాట్లలోకీ పదునైనది 1985లో మొదలైన నాటక యాత్ర. దాని పేరు తిరుగాట. పద్ధతి సూటిగా ఉంటుంది. పాఠశాలలో శిక్షణ పొందినవాళ్లలోంచి నటీనటుల్ని, సాంకేతిక నిపుణుల్ని తీసుకుంటారు. వానాకాలంలో, ఊరు ఇంట్లో కూర్చునే నెలల్లో, రిహార్సల్ జరుగుతుంది. చాలా ఏళ్లు మూడేసి నాటకాలు సిద్ధమయ్యేవి: ఒకటి కన్నడం, ఒకటి సంస్కృతం నుంచో మరో భారతీయ భాష నుంచో, ఒకటి షేక్‌స్పియరో బ్రెఖ్టో. వానలు తగ్గాక, అక్టోబరులో సంస్కృతి శిబిరం ముగిసేసరికి, బృందం సెట్లు, లైట్లు, దుస్తులు వాహనంలో వేసుకుని బయలుదేరుతుంది. జిల్లా కేంద్రాలు, తాలూకా పట్టణాలు, చిన్న ఊళ్లు. ఎక్కడికి పోయినా స్థానికంగా ఒక సంఘమో, కళాశాలో, యువజన బృందమో ఆహ్వానించి, నిర్ణీత మొత్తం ఇచ్చి, తిండి, బస చూసుకుంటుంది. టికెట్లు అమ్ముకునే బాధ్యత వాళ్లది.

ఈ ఏర్పాటులో ఒక్కో ముడి ఇంకో ముడిని పట్టి ఉంచుతుంది. పాఠశాల నుంచి వచ్చినవాళ్లకు చదువు కాగానే పని దొరుకుతుంది. నటులకు నెల జీతం ఉంటుంది కాబట్టి నాటకం తీరిక వేళల వ్యవహారంగా మిగలదు. ఆహ్వానించే ఊళ్లలో ఏటా ఒక స్థానిక బృందం బలపడుతుంది. ఈ సంవత్సరం కుర్చీలు వేసిన కుర్రవాడు వచ్చే ఏడు పాఠశాలకు దరఖాస్తు పెట్టవచ్చు. ప్రచురణ సంస్థకు పాఠకులు ఈ ప్రేక్షకులలోంచే వస్తారు. ఒకే నాటకం పదుల సార్లు ఆడటం వల్ల నటన పదునెక్కుతుంది. నగరాల్లో రెండు మూడు ప్రదర్శనలతో ముగిసే ఔత్సాహిక నాటకానికి ఈ అవకాశం ఎప్పుడూ దొరకదు. కర్ణాటక ప్రభుత్వం మైసూరులో రంగాయణ అనే నాటక సంస్థను నెలకొల్పింది 1989లో. అంటే జీతాలిచ్చి నటుల్ని పోషించే ఆధునిక నాటక బృందం ఒక పల్లెలో నాలుగేళ్లు ముందుగా మొదలైంది. నగరం ముందు, పల్లె వెనక అన్న క్రమం ఇక్కడ తలకిందులైంది.

నీనాసంలో చదివినవాళ్లు చివరికి సినిమాలకే పోతున్నారు కదా అని మరో మాట వినిపిస్తుంది. పోతున్నారు. ‘కాంతార’తో తెలుగు ప్రేక్షకులకూ పరిచయమైన అచ్యుత్ కుమార్ అక్కడ శిక్షణ పొందినవాడే. సతీశ్ అనే నటుడు పేరులోనే నీనాసం పెట్టుకున్నాడు. వ్యవసాయ కళాశాలలో చదివిన ప్రతివాడూ నాగలి పట్టాలని ఎవరూ అడగరు. నాటక పాఠశాల మీద మాత్రం ఆ షరతు పెడతారు. నటన నేర్పే చోటు నుంచి సినిమాకు నటులు వెళ్లడం ఆ చోటు విఫలమైందనడానికి రుజువు కాదు. పైగా, వెళ్లినవాళ్ల గురించి రాసినంతగా, బడిపిల్లలతో నాటకాలు ఆడిస్తూ, ఊళ్లలో బృందాలు నడుపుతూ మిగిలినవాళ్ల గురించి వార్త రాయడానికి పత్రికలకు ఆసక్తి ఉండదు.

తెలుగు నేల మీద ఈ చర్చ వచ్చినప్పుడు ఒక ప్రత్యేకమైన నిట్టూర్పు వినిపిస్తుంది: కన్నడిగులకు ఆ సంస్కారం ఉంది, తెలుగు పల్లెకు లేదు. దీని కంటే చరిత్రకు దూరమైన మాట ఉండదు. వేటపాలెంలో సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది. జీడిపప్పు కోసం ఆ ఊరి పేరు తెలిసినవారు కూడా 1929లో గాంధీ అక్కడికి వచ్చాడనీ, ఆయన చేతికర్ర ఇంకా ఆ గ్రంథాలయంలో ఉందనీ చాలామంది ఎరగరు. దశాబ్దాల నాటి తెలుగు పత్రికలు అక్కడ భద్రంగా ఉన్నాయి. విశ్వవిద్యాలయాల్లో దొరకని సంచికల కోసం పరిశోధకులు ఆ ఊరికి పోతారు. 1914లో బెజవాడలో మొదటి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు దాని వెనక పనిచేశారు. 1935లో పాతూరి నాగభూషణం పూనికతో కృష్ణా కాలువ మీద పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా పుస్తకాల పడవ తిరిగింది. కాలువ గట్టున నిలబడి పుస్తకం కోసం ఎదురుచూసిన రైతుకు సంస్కారం లేదని ఎవరు చెప్పగలరు? అంతకు ముందే, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో ఒక కుటుంబం వేసిన నాటకం నుంచి దేశంలోని పెద్ద నాటక కుటుంబాల్లో ఒకటి పుట్టింది. తిరిగే నాటకం హెగ్గోడుకంటే వందేళ్లు ముందే తెలుగువారికి తెలుసు.

కొరత సంస్కారంలో లేదు, సంధానంలో ఉంది. గ్రంథాలయాలు గ్రంథాలయాలుగా, నాటకం నాటకంగా, ప్రచురణ ప్రచురణగా విడివిడిగా పెరిగాయి. గ్రంథాలయోద్యమం కష్టపడి సాధించుకున్న 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ఉద్యమాన్ని శాఖగా మార్చింది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. స్థానిక సంస్థలు దాన్ని గ్రంథాలయాలకు జమచేయకుండా బకాయి పడటం పాత కథ. పడవ నడిపిన ఊళ్ల పిల్లలు ఇప్పుడు గ్రంథాలయంలో పోటీ పరీక్షల గైడ్లు చదువుకుంటున్నారు. అందులో తప్పు లేదు, కానీ అక్కడ ఒక నాటకం చదివి వినిపించేవాడు, ఒక సినిమా చూపించి మాట్లాడేవాడు రాడు.

నాటకం వైపు చూస్తే కోస్తా జిల్లాల్లో పరిషత్తుల సంప్రదాయం ఈనాటికీ బలంగా ఉంది. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు మొదలైంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో పోటీ నాటకం తెలుగు రంగస్థలానికి ప్రధాన రూపమైంది. ఇప్పటికీ చిన్న పల్లెల్లో సంక్రాంతికో ఉగాదికో మూడు రోజుల నాటిక పోటీలు జరుగుతాయి, వందల మంది కూర్చుని చూస్తారు. ప్రేక్షకుడు ఉన్నాడు. దాతలు ఉన్నారు. మైదానం ఉంది. అయితే బృందం వస్తుంది, గంటసేపు ఆడుతుంది, న్యాయనిర్ణేతలు మార్కులు వేస్తారు, ఉత్తమ నటుడికి జ్ఞాపిక ఇస్తారు, తెల్లవారేసరికి షామియానా విప్పేస్తారు. ఆ డబ్బులో పదో వంతు ఏడాది పొడవునా ఒక శిక్షకుణ్ణి ఊళ్లో ఉంచడానికి ఖర్చుపెట్టిన పరిషత్తు కనిపించదు. పోటీ ప్రతిభను పోగుచేస్తుంది, పెంచదు. పల్లెకు ఆధునిక నాటకం ఎక్కదన్న వాదానికి పరిషత్తు మైదానమే ఖండన. పల్లెలో అది ఎందుకు వేళ్లూనలేదన్న ప్రశ్నకు కూడా పరిషత్తు పద్ధతే జవాబు.

ఫోన్‌లో ప్రపంచ సినిమా అంతా దొరుకుతున్నప్పుడు ఇక కేంద్రాలెందుకు అనే వాదం కొత్తది. దీన్ని త్వరగా ముగించవచ్చు. హెగ్గోడులో సినిమా తెచ్చి చూపించడం చిన్న పని. చూసినవాళ్లను కూర్చోబెట్టి మాట్లాడించడం పెద్ద పని. మొదటిది ఫోన్ చేస్తుంది. రెండోది చేయదు.

తెలుగు రాష్ట్రాల్లో సాంస్కృతిక శాఖలు, దాతలు, ప్రవాస తెలుగు సంఘాలు పల్లెల్లో కళాకేంద్రాలు పెట్టాలని అప్పుడప్పుడూ తలపెడతాయి. తలపెట్టినప్పుడల్లా భవనానికి స్థలం వెతుకుతాయి, నడిపించడానికి ఒక సుబ్బణ్ణ దొరకలేదని వాపోతాయి. వేటపాలెం వంటి చోట ఇప్పటికే ఉన్న గ్రంథాలయానికి ఒక చిన్న ప్రచురణను, పరిషత్తు నడిపే ఊళ్లో ఒక శిక్షకుణ్ణి, ఆ రెండు ఊళ్లనూ కలుపుతూ తిరిగే ఒక బృందాన్ని జోడించడం అంతకంటే చవక. హెగ్గోడు సంఘానికి సొంత రంగశాల రావడానికి ఇరవై ఏళ్లు దాటింది, పాఠశాల రావడానికి 31 ఏళ్లు పట్టింది, జీతాలిచ్చే బృందం రావడానికి 36 ఏళ్లు పట్టింది. మూడేళ్లలో ఫలితాల నివేదిక అడిగే ఏ పథకమైనా ఈ అంకెలు చూసి గడువు మార్చుకోవాలి.